విన్సెంట్ డి పాల్ సొసైటీలో చేరాలా, లీజియన్ ఆఫ్ మేరీలోనా?

ఆదివారం పూజ అయ్యాక ఇంటికెళ్లిపోకుండా ఏదైనా చేయాలనుకునేవాళ్లకు చాలా కతోలిక విచారణల్లో (ఒక్కో చర్చి పరిధిలో) ఈ రెండు విశ్వాసుల సంఘాలూ కనిపిస్తాయి.

విన్సెంట్ డి పాల్ సొసైటీని 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్, ఆయన మిత్రులు మొదలుపెట్టారు. పేదవాళ్ల ఇళ్లకు వెళ్లడమే ఇందులో అసలు పని. బియ్యమో, మందులో, పిల్లల ఫీజో, ఏది అవసరమైతే అది చూస్తారు. మీటింగ్‌లో ఒక సంచీ తిప్పుతారు. ఎవరు ఎంత వేశారో పక్కవాళ్లకు తెలియదు. నాకు బాగా నచ్చింది ఇదే. మన దగ్గర దాతల పేర్లు గోడలకెక్కడం మామూలే కదా!

లీజియన్‌ను 1921లో డబ్లిన్‌లో స్థాపించిన ఫ్రాంక్ డఫ్ కూడా విన్సెంట్ డి పాల్ సభ్యుడే. అయినా లీజియన్ వాళ్లు డబ్బు, వస్తువులు ఇవ్వకూడదని నియమం. జపమాలతో వారం వారం మీటింగ్, ఆ తర్వాత ఇద్దరిద్దరుగా రోగుల దగ్గరికి, గుడికి రావడం మానేసినవాళ్ల దగ్గరికి వెళ్లడం. క్రమశిక్షణ ఎక్కువ, ఏం చేశారో మీటింగ్‌లో చెప్పాలి.

కరెంటు బిల్లు కట్టలేని ఇంట్లో ఉత్త చేతులతో కూర్చోవడం నా వల్ల కాదు, అందుకే నా ఓటు మొదటిదానికి. మాట్లాడే మనిషి లేక మంచాన పడి ఉన్న ముసలివాళ్లకు మాత్రం లీజియన్ వాళ్లే మేలు.