లినక్స్‌లో సౌండూ వీడియో: పదిహేడేళ్లు వాడాక నేను అడుగుతున్నవి

మీటింగ్‌కి ఇంకా రెండు నిమిషాలుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట నడుస్తోంది, గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. మీటింగ్ ట్యాబ్ తెరిచి మైక్‌కి అనుమతి ఇచ్చానో లేదో, అదే పాట పాత ల్యాండ్‌లైన్ ఫోన్లోంచి వస్తున్నట్టు అయిపోయింది. హెడ్‌సెట్ పాడైందేమోనని తీసి చూశాను, ఆపేసి మళ్లీ కనెక్ట్ చేశాను. ఈలోగా మీటింగ్ మొదలైపోయింది.

నిజానికి ఏదీ పాడవలేదు. బ్లూటూత్‌లో పాటలకు వాడే ఏ2డీపీ ప్రొఫైల్‌లో సౌండ్ చెవుల వైపు మాత్రమే వెళ్తుంది. మైక్ కూడా కావాలంటే హెచ్‌ఎఫ్‌పీ అనే కాల్ ప్రొఫైల్‌కి మారాలి. అందులో పాత సీవీఎస్‌డీ కోడెక్ (సౌండ్‌ని కుదించే పద్ధతి) అయితే 8 కిలోహెర్ట్జ్, ఎంఎస్‌బీసీ అయితే 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగే దొరుకుతుంది, అంటే సెకనుకి సౌండ్‌ని 8 వేలు లేదా 16 వేల సార్లు మాత్రమే కొలుస్తుంది. మామూలుగా పాటకుండేది 44.1 లేదా 48. తేడా చెవికి తెలియకుండా ఎలా ఉంటుంది? ప్రొఫైల్ మార్చింది సిస్టమే, ఎందుకు మార్చిందో దానికి తెలుసు. నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

2008 నుంచి రోజువారీ పనంతా లినక్స్ డెస్క్‌టాప్ మీదే చేస్తున్నాను. ఇన్నేళ్ల వాడకం తర్వాత సౌండ్ గురించి, వీడియో గురించి నేను అడగాలనుకున్నవి రాసుకుంటూ పోతే దాదాపు అన్నీ ఒకటే అడుగుతున్నాయి. లోపల ఏం జరుగుతోందో మాకు మామూలు మాటల్లో చెప్పండి. ఆ బ్లూటూత్ సంగతే తీసుకోండి. "మైక్ ఆన్ అయింది కాబట్టి సౌండ్ క్వాలిటీ తగ్గింది" అని స్క్రీన్ మూల ఒక చిన్న నోటిఫికేషన్, పక్కనే "ల్యాప్‌టాప్ మైక్ వాడు" అని ఒక బటన్ ఉంటే చాలు. ఆ బటన్ నొక్కితే హెడ్‌సెట్ ఏ2డీపీలోనే ఉంటుంది, పాటా బాగుంటుంది, అవతలివాళ్ల గొంతూ బాగుంటుంది. ఇప్పుడు నేను ప్రతి మీటింగ్‌లో ఇదే పని సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేతితో చేస్తున్నాను.

మంచిది కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఉంది. నేను మొదలుపెట్టిన రోజుల్లో అన్ని ప్రోగ్రాముల సౌండ్‌నీ కలిపి స్పీకర్‌కి పంపే సౌండ్ సర్వర్ పల్స్ఆడియో అప్పుడప్పుడే డిస్ట్రోల్లోకి, అంటే ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లోకి వస్తోంది. దాన్ని పట్టించుకోకుండా నేరుగా అల్సాతో (సౌండ్ కార్డుని నడిపే లినక్స్ అడుగు పొరతో) మాట్లాడే ప్రోగ్రాములు ఇంకా బోలెడు. బ్రౌజర్‌లో ఒక వీడియో ట్యాబ్ తెరిచి ఉంచితే మ్యూజిక్ ప్లేయర్‌లో సౌండ్ వచ్చేది కాదు, ఎందుకంటే సౌండ్ కార్డుని బ్రౌజర్ పట్టుకుని కూర్చునేది. ఇక పాట రికార్డు చేసేవాళ్లకు జాక్ అనే వేరే సౌండ్ సర్వర్, అదో వేరే లోకం. పల్స్ఆడియో, జాక్ రెండూ ఒకే కంప్యూటర్‌లో సర్దుకునేలా చేయడానికి ఎన్ని ఆదివారాలు ఖర్చు చేశానో లెక్క లేదు.

పైప్‌వైర్ అనే ప్రోగ్రామ్ వచ్చి ఆ గొడవ తీర్చింది. విమ్ టేమాన్స్ మొదట దాన్ని వీడియో కోసం మొదలుపెట్టారు, తర్వాత పల్స్ఆడియో పనీ జాక్ పనీ కూడా అదే చేసేలా పెంచారు. ఫెడోరా 34 దాన్ని 2021లో డిఫాల్ట్ సౌండ్ సర్వర్ చేసింది, ఉబుంటు 22.10లో చేసింది, 1.0 వెర్షన్ 2023 నవంబర్‌లో వచ్చింది. నేను మారిన రోజు నా పాత ప్రోగ్రాముల్లో ఒక్కదాన్నీ ముట్టుకోవాల్సి రాలేదు. పల్స్ఆడియో భాషలోనే అది జవాబిస్తుంది కాబట్టి, కింద సర్వర్ మారిందని వాటికి తెలియనే లేదు. ఇంత పెద్ద మార్పుని ఇంత నిశ్శబ్దంగా చేసినవాళ్లకు మనస్ఫూర్తిగా నమస్కారం.

ఇక పరికరాల పేర్ల గురించి. నా ల్యాప్‌టాప్ సొంత స్పీకర్ సౌండ్ సెట్టింగ్స్‌లో "ఫ్యామిలీ 17హెచ్/19హెచ్ హెచ్‌డీ ఆడియో కంట్రోలర్" అని కనిపిస్తుంది. చిప్ తయారు చేసినవాళ్లకు అది అర్థవంతమైన పేరే కావచ్చు. పక్కన మానిటర్, హెడ్‌సెట్, వెబ్‌క్యామ్ మైక్ కూడా ఇలాంటి పేర్లతోనే వరసగా ఉంటే మామూలు మనిషి దేన్ని నొక్కాలి? పేరు మార్చుకునే వీలు పైప్‌వైర్‌కి తోడుండే వైర్‌ప్లంబర్‌లో ఉంది, కానీ సెట్టింగులు చేతితో టైప్ చేసి కాన్ఫిగ్ ఫైల్ రాయాలి. పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి "ల్యాప్‌టాప్ స్పీకర్" అని టైప్ చేసే సౌకర్యం ప్రతి డెస్క్‌టాప్‌లో ఉండాలి. అలాగే హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలించగానే సౌండ్ అటు వెళ్లిపోవడం. నా మానిటర్‌కి స్పీకరే లేదు! ఒక్కసారి అడిగి, నేను వద్దంటే ఆ మాట గుర్తు పెట్టుకోవాలి.

పాట మధ్యలో చిటపటలు వస్తుంటే ఏం చేయాలో కూడా చెబుతాను, నాకు ఇది తెలియడానికి చాలాకాలం పట్టింది. టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ కమాండ్ నడిపితే ఒక్కో ప్రోగ్రామ్‌కీ ఒక్కో వరస వస్తుంది, అందులో ఎర్రర్ల కాలమ్ ఉంటుంది. చిటపట వచ్చినప్పుడల్లా ఎవరి అంకె పెరుగుతోందో, ఇబ్బంది అక్కడే. మామూలుగా బఫర్ (ఒక్కో విడతకి సిద్ధం చేసే సౌండ్ ముక్క) 1024 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 21 మిల్లీసెకన్లు. నేను 2048 చేశాను, అంటే దాదాపు 43 మిల్లీసెకన్లు. పాట వినడానికి ఆ ఆలస్యం ఏమాత్రం తెలియదు, చిటపట పోయింది. వాయిద్యం వాయిస్తూ రికార్డు చేసేవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు, వాళ్లు తగ్గించుకోవాలి. "వినడానికి", "రికార్డింగ్‌కి" అని సెట్టింగ్స్‌లో రెండు బటన్లు పెడితే ఈ అంకెలతో ఎవరికీ పని ఉండదు. పాట ఆగిన కాసేపటికి స్పీకర్‌లో "టప్" అని చప్పుడు వస్తే అది వేరే కథ. కరెంటు ఆదా కోసం సౌండ్ చిప్ నిద్రపోతోంది. ఆ పవర్ సేవింగ్ ఆపితే చప్పుడు పోతుంది, దానికీ ఇప్పటికైతే ఫైలే దిక్కు.

వీడియోలో నన్ను బాగా ఏడిపించింది ఫ్యాన్. సినిమా పెట్టిన పది నిమిషాలకు ల్యాప్‌టాప్ వేడెక్కి ఫ్యాన్ గోల మొదలయ్యేది, బ్యాటరీ కళ్లముందే కరిగిపోయేది. యంత్రం పాతబడిందనే అనుకున్నాను, కొత్తది కొనాలని డబ్బు కూడా పక్కన పెట్టాను. ఒకరోజు వీఏఇన్ఫో (vainfo) కమాండ్ నడిపి చూస్తే గ్రాఫిక్స్ చిప్ డీకోడ్ చేయగల (కుదించిన వీడియోని విప్పగల) ఫార్మాట్ల జాబితాలో, వీడియోలకు బాగా వాడే హెచ్.264 లేదు. చిప్‌కి ఆ సామర్థ్యం ఉంది. పేటెంట్ల భయంతో నా డిస్ట్రో వాళ్లు తమ డ్రైవర్ ప్యాకేజీలో దాన్ని ఆపేశారు, దాంతో భారమంతా ప్రాసెసర్ మీద పడింది. అదనపు రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే చోటు) నుంచి పూర్తి డ్రైవర్ వేసుకున్నాక అదే సినిమా మళ్లీ పెట్టాను. ఫ్యాన్ తిరగలేదు. ఆ నిశ్శబ్దంలో కూర్చుని సినిమా మొత్తం చూశాను.

పేటెంట్ల సంగతి అర్థం చేసుకోగలను, చట్టానికి ఎవరైనా భయపడాల్సిందే. కానీ ఆ విషయం నాకు చెప్పి ఉండాల్సింది. ఎంపీవీ ప్లేయర్‌లో ఐ అక్షరం నొక్కితే హార్డ్‌వేర్ డీకోడింగ్ నడుస్తోందో లేదో తెర మీదే కనిపిస్తుంది, ఆ ఒక్క కారణానికే నేను దాన్ని వదల్లేదు. బ్రౌజర్లు కూడా అలా చూపించాలి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఒక పేజీ పెట్టి హెచ్.264, హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 ఫార్మాట్ల ఎదురుగా "చిప్" అనో "ప్రాసెసర్" అనో రాస్తే, జనం మంచి యంత్రాల్ని పాతబడ్డాయని పక్కన పెట్టరు.

తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్‌కి మారాక తెర మధ్యలో బొమ్మ అడ్డంగా తెగడం నాకు పూర్తిగా పోయింది. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు ఏ విండో చూపించాలో సిస్టమే అడగడం నాకు నచ్చింది, తెలియకుండా ఎవరూ తెర చూడలేరు. కొన్ని ప్రోగ్రాములు అదే ప్రశ్న రెండుసార్లు అడుగుతాయి, అది సరిచేస్తే బాగుంటుంది. వెలుగునీడల తేడాల్ని ఇంకా బాగా చూపించే హెచ్‌డీఆర్ 2024లో ప్లాస్మా 6 డెస్క్‌టాప్‌తో, 2025లో గ్నోమ్ 48 డెస్క్‌టాప్‌తో వచ్చింది. ఇంకా లేత దశే, రంగులు సరిగ్గా కుదరడానికి ఓపిక కావాలి.

చివరగా అడిగేది మా నాన్న కోసం. ఆయన ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసింది నేనే. వీడియో కాల్‌లో ఆయన పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. "వినపడుతోందిరా?" అని అడుగుతున్నారని పెదాల్ని బట్టే తెలిసింది. ఫోన్ చేసి, ఏ మెనూ తెరవాలో, అందులో పైనుంచి ఎన్నో పేరు నొక్కాలో చెబుతూ ఇరవై నిమిషాలు గడిపాం. పని చేయాల్సిన మైక్ బదులు ఎప్పుడో తీసేసిన వెబ్‌క్యామ్ పేరు ఎంపికై ఉంది, అంతే. సౌండ్ ఐకాన్ మీద "నా మాట వెళ్లడం లేదు" అని ఒక బటన్ ఉండాలి. నొక్కితే "ఏదైనా మాట్లాడండి" అని అడిగి, ఉన్న మైకులన్నీ ఒక్కొక్కటే విని, గొంతు దేంట్లో పడిందో దాన్ని తనే ఎంచుకుని, "ఇప్పుడు వెళ్తోంది" అని పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఆయనకు చెప్పాలి.