గోదాము సెక్యూరిటీకి ఎంత కావాలి? ఆరేళ్ళు వాడి చూశాక నా అభిప్రాయం

ఖమ్మం ఊరి బయట మాకు రేకుల గోదాము ఉంది. సబ్‌మెర్సిబుల్ మోటార్లు, స్టార్టర్లు, రాగి వైరు చుట్టలు, పీవీసీ పైపులు పెడతాం. 2019లో మొదలుపెట్టినప్పుడు సెక్యూరిటీ అంటే నాకు తెలిసింది కెమెరాలే. ఎనిమిది కెమెరాలు, వాటి రికార్డింగ్ దాచే డీవీఆర్ పెట్టె ఒకటి, షట్టర్‌కు రెండు లావు తాళాలు పెట్టి, ఇక పర్లేదు అనుకున్నాను.

రెండో ఏడు వానాకాలంలో వెనకవైపు పైకప్పు రేకు తీసి లోపలికి దిగారు. పగలగొట్టలేదు, విప్పారు. రేకును పట్టి ఉంచే జె బోల్టుల నట్లు బయటికే ఉంటాయి, వాటికి ఒక స్పానర్ చాలు. వైరు చుట్టలతో పాటు డీవీఆర్ కూడా పట్టుకుపోయారు, అది టేబుల్ మీదే ఉండేది, కాబట్టి ఎనిమిది కెమెరాలు చూసింది ఒక్కటీ మాకు మిగల్లేదు.

ఆ టెన్షన్‌లో తర్వాతి ఏడాదంతా అతిగా పోయాను. చుట్టూ ప్రీకాస్ట్ గోడ (ముందే పోతపోసి తెచ్చి నిలబెట్టే కాంక్రీటు స్తంభాలు, పలకలు), ఏజెన్సీ నుంచి రాత్రికి ఇద్దరు గార్డులు. మాది నల్లరేగడి నేల, రెండు వానాకాలాలకే గోడ స్తంభాలు పక్కకు ఒరిగాయి. గార్డులు నెలకోసారి మారేవాళ్ళు, ఎవరికీ గోదాము సంగతి తెలిసేది కాదు, జీతాలు మాత్రం మా మార్జిన్‌ను తినేశాయి. ఏజెన్సీని పెట్టుకునేవాళ్ళు ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం కింద లైసెన్సు ఉందో లేదో ముందే అడగండి, నేను అడగలేదు.

చివరికి దారి చూపించింది మా వెల్డర్. గట్టి తాళం ఎంతసేపు ఆగుతుందో చూద్దాం రమ్మని, గ్రైండర్‌తో నా ముందే కోసి చూపించాడు, నిమిషం కూడా పట్టలేదు. మా ఇంటి నుంచి గోదాముకు బండి మీద ఇరవై నిమిషాలు. అంటే అలారం మోగాక దొంగకు కనీసం ఇరవై నిమిషాల పని మిగిలి ఉండాలి, లేదా ఎవరో ఒకరు నిమిషంలో రాగలిగేంత దగ్గర్లో ఉండాలి. ఈ లెక్క మొదటే వేసుకుని ఉంటే డబ్బు సగం మిగిలేది.

ఇప్పుడు గోదాము మొత్తానికి ఒకే రకం కాపలా లేదు, సరుకును బట్టి ఉంది. రాగి వైరు, మోటార్లు లోపల ఇటుక గోడలతో, పైన స్లాబుతో కట్టిన గదిలో ఉంటాయి, దానికి ఇనుప తలుపు, తలుపుకు సెన్సర్, సైరన్, మా ఫోన్‌కు కాల్ చేసే సిమ్ ఉన్న డయలర్. పైపులు బయట చెయిన్ లింక్ కంచెలోనే వదిలేశాను, ఇరవై అడుగుల పైపుల కట్టను చప్పుడు లేకుండా ఎవరూ మోసుకుపోలేరు. గార్డుల బదులు మా ఊరి నుంచి ఒక కుటుంబం వచ్చి అక్కడే ఉంటోంది. వాళ్ళకు గది, బాత్‌రూమ్, కరెంటు సరిగ్గా ఇవ్వండి, అక్కడ పిసినారితనం వద్దు, రాత్రి సైరన్ మోగితే ముందు లేచి వచ్చేది వాళ్ళే.

కెమెరాలు నాలుగు ఉంచాను. రాత్రి కెమెరా చీకట్లో చూడటానికి వేసే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వెలుగుకు పురుగులు చేరి, వాటికోసం సాలీడు గూడు కట్టి, ఫోన్‌కు ఊరికే అలర్టులు వచ్చేవి, నెలకోసారి తుడిస్తే తగ్గాయి. గేటు కెమెరాను బండి నంబరు కనబడే ఎత్తుకు దించాం. డీవీఆర్ ఇటుక గదిలో, ఇన్వర్టర్ మీద ఉంది.

ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవండి. దొంగతనం పాలసీల్లో చాలావాటికి బలవంతంగా లోపలికి వచ్చిన ఆనవాలు ఉండాలి, ఆ షరతు చెల్లుతుందని 2004లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విప్పిన నట్ల దగ్గర ఏం చూపించాలో తెలియక మేం నెలలు తిరిగాం. ఇప్పుడు పైకప్పు మీద ప్రతి నట్టునూ బోల్టుకు కలిపి వెల్డింగ్ చేయించాం, ఒక్క పూట పని.