పండగ సెలవులు: ఇంటికెళ్లడమా, ఉన్నచోటే ఉండిపోవడమా?

చిన్నప్పుడు సెలవులంటే అన్నీ ఎవరో చేసిపెట్టేవారు. ఇప్పుడు ఆ ఎవరో మనమే. అందుకే ప్రతి ఏడూ ఇదే తర్జనభర్జన: అమ్మానాన్నల దగ్గరికి వెళ్లడమా, ఉన్నచోటే తలుపేసుకుని పడుకోవడమా?

వెళ్లాలంటే టికెట్ల టెన్షన్ రెండు నెలల ముందే మొదలు. 4 రోజుల సెలవులో ఒకటిన్నర రోజు ప్రయాణానికే సరి. తీరా వెళ్తే నా పాత మంచం మీద ఎవరివో పెట్టెలు. "ఇంత చిక్కిపోయావేంటి" దగ్గర మొదలై జీతం దాకా ప్రశ్నలు. కానీ కిందటిసారి నాన్న మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం చూశాను. ఫోన్లో "బాగానే ఉన్నాం" అన్నప్పుడు అది కనపడదుగా.

ఉండిపోతే హాయే, కాదనను. అలారం ఉండదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మొదటి రోజు స్వర్గం. రెండో రోజు బట్టలు ఉతుక్కోవడం. మూడో రోజు సాయంత్రానికి అందరి ఫొటోలూ చూసి ఫోన్ బోర్లా పెట్టేస్తాను.

ఒళ్లు బాగా అలిసిపోయిన ఏడాది ఉండిపోవడమే మేలు, తప్పు చేసినట్టు బాధపడక్కర్లేదు. మిగతా ఏళ్లు మాత్రం నా ఓటు ప్రయాణానికే. ఈసారి బస్సులో చివరి వరుసే దొరికింది. తీసేసుకున్నాను.