పొందూరు ఖాదీయా, మిల్లు గుడ్డా: సిక్కోలులో సొంత లేబుల్‌కి ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరాల్లో సొంత పేరుతో బట్టల లేబుల్ పెట్టాలనుకునేవాళ్ళు మొదట డిజైన్లు గీసుకుంటారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది గుడ్డ సంగతి. ఏడాది తర్వాత లేబుల్ ఉంటుందా లేదా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.

మిల్లు గుడ్డ బలం వేగం. ఏ తాను విప్పినా ఒకే పన్నా, ఒకే రంగు. కటింగ్ మాస్టర్ పొరలు పేర్చి ఒకేసారి కోసేస్తాడు. సిరిమానోత్సవానికో సంక్రాంతికో గిరాకీ ఒక్కసారిగా పెరిగితే తట్టుకోవచ్చు. కానీ సూరత్ నుంచి అదే తాను పక్క వీధి షాపుకీ వస్తుంది. వాళ్ళు యాభై రూపాయలు తగ్గించి అమ్మితే మన దగ్గర జవాబుండదు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేసే ఖాదీ గుడ్డకి ఆ భయం లేదు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకి, ఒంటి కదురు రాట్నం మీద సన్ననూలు వడుకుతారు. ఆ నూలుతో నేసినది వేసవిలో ఒంటికి ఎంత హాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. గాంధీజీ మెచ్చిన పనితనం ఇంకా మన జిల్లాలో బతికుందంటే అది మనకు దక్కిన భాగ్యం.

అయితే ఆ గుడ్డ మన తొందరకి రాదు. వడికేవాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళిన ఆడవాళ్ళు. వంద మీటర్లు వచ్చే వారానికల్లా కావాలంటే కుదిరే పని కాదు. నేసిన చేతిని బట్టి ఒత్తులో తేడా ఉంటుంది కాబట్టి ఒక్కో ముక్కా విడిగా చూసి కోయాలి. కోసేముందు నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి, లేదంటే మొదటి ఉతుకులోనే కుర్తా కురచైపోతుంది.

పేరు సంగతి కూడా ఉంది. 2013 నాటి ఖాదీ మార్కు నిబంధనల ప్రకారం, ఖాదీ కమిషన్ ఇచ్చే ఆ గుర్తింపు లేకుండా దేన్నీ ఖాదీ అని అమ్మకూడదు. కాబట్టి లేబుల్ అచ్చు వేయించకముందే దానికి దరఖాస్తు పెట్టండి.

పన్ను దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన బట్ట ఒక్కోటి 2,500 రూపాయల వరకు 5 శాతం జీఎస్టీ, దాటితే 18 శాతం. 2,400 ధర పెట్టిన కుర్తాకి కొనేవాళ్ళు 2,520 ఇస్తారు. అదే 2,600 పెడితే 3,068 ఇవ్వాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న లేబుల్ చేతిపని కుర్తాని ఆ గీత దగ్గర ఆపడమో, బాగా పైకి తీసుకెళ్ళడమో చేయాలి. మధ్యలో ఉంటే నష్టం.

ఇన్ని చిక్కులున్నా నా ఓటు పొందూరుకే. సరుకు నిల్వ పెట్టకుండా, సగం అడ్వాన్సు తీసుకుని, గడువు నిజాయితీగా ఎక్కువ చెప్పి కుట్టించండి. బీరువాలో డబ్బు ఇరుక్కోదు, నేతగాడికి చేతిలో పెట్టాల్సింది ఆలస్యం కాదు. ఊరి బయటి కొనుగోలుదారు మన దగ్గరికి వెతుక్కుంటూ రావడానికి కారణం ఈ గుడ్డే.

ఈ ఏడాదే ఇల్లు గడవాలంటే మాత్రం రోజువారీ కుర్తాలు మిల్లు గుడ్డతో కుట్టి అమ్మండి, ఖాదీని ఆర్డర్లకే ఉంచండి. కానీ రెండింటికీ ఒకే లేబుల్ కుట్టకండి. ఖాదీకి డబ్బు పోసిన మనిషి అదే పేరుని చవక కుర్తా మీద చూస్తే మళ్ళీ రారు.