ఒకే పెరడు, రెండు స్టీలు కట్టెల బాయిలర్లు: ఎనిమిదేళ్ల అనుభవం

హసన్‌పర్తి దగ్గర మా ఇంటి పెరట్లో పాత రాగి కాగును తీసేసి, 2017 చలికాలానికి ముందు నూరు లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు కట్టెల బాయిలర్ పెట్టించాము. అడుగున పొయ్యి, నడుమ పొగగొట్టం, దాని చుట్టూ నీళ్లు. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఏడుగురు స్నానం చేసే ఇంటికి, పత్తికట్టె ఊరికే దొరికే ఊరికి ఇంతకన్నా అనువైన సాధనం లేదని ఇప్పటికీ అంటాను. అయినా మొదటిది మూడేళ్లకే చిల్లులు పడింది. రెండోది అదే 304 రకం స్టీలు, దాదాపు అదే మందం. ఐదేళ్లు దాటినా చుక్క కారలేదు. మారింది నీళ్లు, వాటితో మేము మెలిగే తీరు మాత్రమే.

మా బోరు నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మొదట్లో అరగంటలో కాగే నీళ్లు రెండో చలికాలానికి గంట తీసుకున్నాయి, లోపల గుడగుడమనే చప్పుడు మొదలైంది. అడుగు నల్లా విప్పితే గుడ్డు పెంకుల్లాంటి తెల్లని పెచ్చులు బకెట్లో పడ్డాయి. అప్పుడు పరీక్ష చేయిస్తే లీటరుకు కాఠిన్యం (సున్నం లెక్కన) 520, క్లోరైడు (ఉప్పులో ఉండేది) 310 మిల్లీగ్రాములని తేలింది. తాగునీటికి ఐఎస్ 10500 అనే భారతీయ ప్రమాణం ప్రకారం వాంఛనీయ పరిమితులు వరుసగా 200, 250. రోజుకు నూరు లీటర్లు కాచే ఇంట్లో ఆ నీళ్లతోపాటు 52 గ్రాముల సున్నం బాయిలర్‌లోకి వెళుతుంది. అందులో పదో వంతు గొట్టానికి పట్టుకున్నా ఏడాదికి దాదాపు రెండు కిలోలు.

సున్నం వల్ల ముఖ్యంగా కట్టెలు ఎక్కువ కాలతాయి, స్టీలు అంత తొందరగా చావదు. దాన్ని చంపింది మా తొందరపాటు. ప్లంబర్ చెప్పాడని బాత్‌రూములు కడిగే యాసిడ్ పోసి పెచ్చులు కరిగించాము. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమనీ, స్టీలుకు రక్షణగా ఉండే పలుచని పొరను క్లోరైడు గుంటలు గుంటలుగా తొలిచేస్తుందనీ, వేడి పెరిగినకొద్దీ ఆ తొలుపు ముదురుతుందనీ నాకు తర్వాత తెలిసింది. నాలుగు నెలలకు ఒక తెల్లవారుజామున అమ్మ పిలిచి, “పొయ్యిల ఏందో సుయ్యిమంటుంది బిడ్డా, సూడు” అన్నది. అడుగు వెల్డింగు పక్కన సూదిమొనంత చిల్లు, దాని నుంచి నిప్పుల మీదికి జారుతున్న చుక్క. ఆర్గాన్ వెల్డింగు చేయించాము. నెల తిరగకముందే అంగుళం అవతల మరో చిల్లు పడింది. “స్టీలుకు తుప్పు పట్టదు” అని అమ్మిన దుకాణదారు నీళ్ల సంగతి మాత్రం అడగలేదు.

రెండో బాయిలర్‌కు ముందు, నీళ్లలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ కొన్నాను. అందులోని రెజిన్ గుళికలు సున్నాన్ని పట్టుకుని బదులుగా సోడియంను వదులుతాయి కాబట్టి పెచ్చులు దాదాపు ఆగాయి, కానీ క్లోరైడు రవ్వంత కూడా తగ్గలేదు. పైగా ఉప్పునీళ్లతో రెజిన్‌ను కడిగిన రోజు చివరి కడుగు సరిగ్గా జరగకపోతే ఆ ఉప్పంతా బాయిలర్‌లోకే వస్తుంది. గొట్టానికి తగిలించే అయస్కాంతం కూడా ప్రయత్నించాను. దాని వల్ల నాకు కనిపించిన తేడా సున్నా. చివరికి పనిచేసింది మిషన్ భగీరథ నల్లా నీళ్లే. వాటిని వేరే సంపులో పట్టి బాయిలర్‌కు అవే వాడుతున్నాము. అవి రాని రోజుల్లో మాత్రమే సాఫ్ట్‌నర్ దాటిన బోరు నీళ్లు.

చలి దేశాల్లో ఇల్లు వెచ్చబరిచే ఆరుబయటి కట్టెల బాయిలర్లలో ఒకే నీరు ఏళ్ల తరబడి తిరుగుతుంది కాబట్టి అందులో తుప్పును ఆపే రసాయనం కలిపి ఉంచుతారు. మన బాయిలర్‌లో రోజూ కొత్త నీళ్లు, అవీ ఒంటిమీద పోసుకునేవి, కనుక ఆ మందులు ఇక్కడ పనికిరావు. ఏడాదికోసారి రెండు కిలోల నిమ్మ ఉప్పును (సిట్రిక్ ఆమ్లం) నిండు బాయిలర్‌లో కలిపి, గోరువెచ్చగా మూడు గంటలు ఉంచి, నీళ్లు వదిలేసి రెండుసార్లు కడుగుతాను. మరీ వేడి చేస్తే కరిగిన సున్నం తిరిగి అడుగున పేరుకుంటుంది, పై గాలి గొట్టం మూసి ఉంటే లోపల వాయువు నిలుస్తుంది. ఇనుప పీచుతో మాత్రం రుద్దకూడదు. దాని రవ్వలు స్టీలుకు అంటి అక్కడే తుప్పు మొదలవుతుంది.

వానాకాలంలో పొయ్యి వాడని నెలల్లో బూడిద తీసేయడం, నీళ్లు పూర్తిగా ఖాళీ చేయడం మరువను. తడి బూడిదలోనూ ఉప్పులుంటాయి. ఈ రెండో బాయిలర్ మీద నా ఫిర్యాదు ఒక్కటే: అడుగు నల్లాను రెండంగుళాలు పైకి పెట్టారు. చివరి నీళ్లు తీయాలంటే ఇద్దరం పట్టి దాన్ని ఒక పక్కకు వంచాల్సి వస్తున్నది.