అయిదు రూపాయల భోజనం, అర్హత అడగని వరుస

హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ), హరేకృష్ణ మూవ్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి 2014లో నగరంలో ప్రారంభించిన అన్నపూర్ణ భోజన కేంద్రాలు 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లుగా పేరు మార్చుకున్నాయి. మధ్యాహ్న భోజనం ఇప్పటికీ అయిదు రూపాయలే. అసలు ఖర్చులో మిగతాది జీహెచ్‌ఎంసీ భరిస్తుంది. అన్నం, సాంబారు, ఒక కూర, పచ్చడి. కారం తక్కువగా ఉండే సాదా వంట, ఎండలో పనిచేసి వచ్చినవారికైనా, ఆసుపత్రి వార్డులో రాత్రంతా మేలుకున్నవారికైనా కడుపు నింపుతుంది. అయితే ఈ సమీక్ష రాయడానికి నన్ను పురికొల్పింది రుచి కాదు, తినడానికి వచ్చిన మనిషిని అక్కడ ఎవరూ ఏమీ అడగకపోవడం.

ఒక ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర నేను వరుసలో ఉన్నప్పుడు, ఇస్త్రీ చొక్కా మీద ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతున్న యువకుణ్ణి చూసి, "జీతాలు తీసుకునేటోళ్లు గూడ పేదోళ్ల బువ్వకే వస్తున్నరు" అని వెనుక నుంచి ఒకాయన అన్నారు. తడబడుతూ వచ్చిన పెద్దాయనను చూసి, "తాగనీకి మాత్రం పైసలుంటయి" అని విసుక్కున్నదీ ఆయనే. పసిబిడ్డను చంకనేసుకుని, చేతిలో కేసు షీటుతో వచ్చిన తల్లికి "ముందుకు పో అమ్మా" అని దారి ఇప్పించిందీ ఆయనే. కాబట్టి ఆయనకు జాలి లేదని అనలేం. కష్టం కంటికి కనిపించి, అందులో వారి తప్పేమీ లేదని తోచినచోట మన జాలి వెంటనే కదులుతుంది. ఆ రెండూ లేనిచోట తీర్పు ముందుకొస్తుంది. ఐడీ కార్డు ఉన్న అబ్బాయికి జీతం ఆగిపోయిందో, వచ్చిన జీతమంతా ఊళ్లో అప్పుకే పోతోందో వరుసలో నిలబడిన మనకు తెలిసే వీలే లేదు.

వడ్డించే ఆమె ముగ్గురికీ ఒకే గరిటెతో, ఒకే కొలతలో పెట్టింది. అలాగని ఆమె మంచిచెడ్డలు పట్టించుకోని మనిషి కాదు. సగం అన్నం చెత్తబుట్టలో వేయబోయిన ఒకతన్ని ఆపి, "తినేంతే పెట్టిచ్చుకో అన్నా, పారేస్తే ఇంకొకల్ల కడుపు కొట్టినట్టే" అని గట్టిగానే చెప్పింది. అదీ తీర్పే. కానీ అది అతను చేసిన పనికే పరిమితం, అన్నం పెట్టడానికి ముందు విధించిన షరతు కాదు. దయ చూపాలంటే తప్పొప్పుల విచక్షణ వదులుకోవాలని వాదించేవారికి ఆ ఒక్క మాట చాలినంత సమాధానమని నా నమ్మకం.

అనర్హులు తినేస్తున్నారు గనుక రేషన్ కార్డు చూసి పెట్టాలనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. అలా చేస్తే ముందుగా నష్టపోయేది జిల్లాల నుంచి రోగికి తోడుగా వచ్చి కార్డు ఇంట్లోనే ఉంచినవారు, బిహార్, ఒడిశాల నుంచి వచ్చి అడ్డా మీద కూలికి నిలబడేవారు. స్తోమత ఉన్నవారు కొందరు తిన్నా పోయేది కొన్ని ప్లేట్ల అన్నమే, ఆకలితో వచ్చినవారిని కాగితం లేదని తిప్పి పంపితే జరిగే అన్యాయం అంతకంటే చాలా పెద్దది. 2020 లాక్‌డౌన్‌లో ఇవే కేంద్రాలు ఉచితంగా భోజనం పెట్టాయి. అప్పుడు కార్డు అడిగి ఉంటే ఎంతమంది పస్తులుండేవారో ఊహించుకోవచ్చు.

మొదట్లో అన్నీ నిలబడి తినే స్టాళ్లే. కూర్చుని తినే క్యాంటీన్లు తర్వాత వచ్చాయి. వృద్ధులను వెంటబెట్టుకుని వెళ్లేవారు అలాంటిది దగ్గరలో ఎక్కడుందో ముందుగా కనుక్కుని, వండిన అన్నం అయిపోకముందే, చిల్లర చేతిలో పట్టుకుని వెళ్లడం మంచిది.