సోలార్ కంట్రోలర్‌కు ఎల్‌ఈడీ మార్పించేవారికి హెచ్చరిక: పర్లాకిమిడి అనుభవం

ఒడిశాలోని గజపతి జిల్లాలో గానీ, సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో వచ్చే పాతపట్నం వైపు గానీ ఇళ్లకు, జీడితోటల్లోని పాకలకు సోలార్ దీపాలు పెట్టుకున్నవారు, పాత చార్జ్ కంట్రోలర్‌కు (ప్యానెల్ నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి దీపాలకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టెకు) ఎల్‌ఈడీలు, అంటే దాని మీది చిన్న సూచిక దీపాలు, మార్పించే ముందు, లేదా అలా మార్చి అమ్ముతున్న వాటిని కొనే ముందు ఈ సంగతి గమనించవలసిందిగా కోరుతున్నాను.

మా 12 వోల్టుల కంట్రోలర్‌లో బ్యాటరీ నిండుగా ఉన్నదని చూపే ఆకుపచ్చ ఎల్‌ఈడీ వెలగడం మానేయడంతో దానిని పర్లాకిమిడిలోని ఒక మరమ్మతు దుకాణంలో ఇచ్చాను. కొత్త ఎల్‌ఈడీ వేసి, వెలిగించి చూపించి, డబ్బు తీసుకున్నారు. ఆ తరువాత అది ఆరనే లేదు. ముసురు పట్టి ఎండ జాడే లేని రోజుల్లో సైతం ఆకుపచ్చగానే వెలుగుతూ ఉండగా, ఇంట్లో బల్బులు మసకబారాయి. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 10 వోల్టులకు దిగువన ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 11 వోల్టులకు పడిపోగానే కంట్రోలర్ లోడును, అంటే బల్బులకు వెళ్లే కరెంటును, ఆపివేయాలి. అది జరగలేదు, బ్యాటరీ పాడైపోయింది.

మూత విప్పించి చూస్తే అసలు విషయం బయటపడింది. కంట్రోలర్‌ను నడిపే చిప్ నుంచి ఎల్‌ఈడీకి వచ్చే దారిని తెంచి, ఒక రెసిస్టరు ద్వారా సన్నని వైరును నేరుగా బ్యాటరీ ప్లస్సుకు టంకం వేశారు. అంటే ఆ ఎల్‌ఈడీ బ్యాటరీ తగిలించి ఉన్నదని తప్ప మరేమీ చెప్పదు. పాడైనది ఎల్‌ఈడీ కాదు, చిప్. అందువల్లనే లోడు కూడా ఆగలేదు. అడిగితే, "లైటు వెలగడం లేదన్నారు, వెలిగించి ఇచ్చాం కదండీ" అన్నారు. దీనిని మరమ్మతు అనడానికి నాకు నోరు రావడం లేదు. పైగా రేకు పనులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ (టంకం అంటుకోవడానికి పూసే పదార్థం) పూసినందున టంకం చుట్టూ రాగి దారులు పచ్చబారి తినేసినట్టున్నాయి. ఎలక్ట్రానిక్ బోర్డుకు రోజిన్ ఫ్లక్స్ వంటివి వాడాలి గానీ ఇది కాదు.

నిజాయితీగా చేసేవారు మొదట పాత ఎల్‌ఈడీని మల్టీమీటరు డయోడ్ మోడ్‌లో పరీక్షిస్తారు, అది బాగుంటే లోపం వేరేచోట ఉన్నదని చెబుతారు. మార్చవలసివస్తే రంగు కూడా చూడాలి, ఎందుకంటే ఎరుపుకు సుమారు 2 వోల్టులు సరిపోతే నీలానికి, తెలుపుకు సుమారు 3 వోల్టులు కావాలి. రంగు మారితే వెలుగు తగ్గవచ్చు, అసలు వెలగకనూ పోవచ్చు. వేడి టంకం కాడను ఎల్‌ఈడీ తీగకు రెండు మూడు సెకన్లకు మించి ఆనించి ఉంచితే ఎల్‌ఈడీ లోపలే చెడవచ్చు.

డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే బ్యాటరీని ముందు, ప్యానెల్‌ను తరువాత తగిలించమని అడగండి. ప్యానెల్ మీద గోనెసంచి కప్పితే చార్జింగ్ ఎల్‌ఈడీ ఆరాలి. కొంత వాడేసిన బ్యాటరీ పెట్టినప్పుడు కూడా "నిండు" అని చూపిస్తే ఆ కంట్రోలర్‌ను అక్కడే వదిలేయండి. మూత విప్పి చూపడానికి ఒప్పుకోని దుకాణంలో కొనవద్దు.

బిల్లు మీద ఏ భాగం మార్చారో రాయించుకోండి. కాగితం లేకపోతే తరువాత మాట్లాడటానికి ఆధారం ఉండదు. ఫిర్యాదుకు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉన్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు కనుక, పాతపట్నం నుంచి వచ్చి ఇక్కడ కొన్నవారు అందుకోసం ఒడిశాకు తిరగనవసరం లేదు.